నల్ల కాగితం వెనక

పోయిన వారం మనం నీళ్ళక్కని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? ఫోను చెవికి ఆనించుకుని, ఊదారంగు వెలుతురులో కొయ్యబారి నిలబడి ఉంది. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

ఈ వారమే మన గుంపులో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. మట్టి లేకుండా, పైపుల్లో నీళ్ళు పారించి ఆకుకూరలు పెంచుతుంది కాబట్టి వీధిలో అందరూ ఆవిణ్ణి నీళ్ళక్క అంటారు. ఒకప్పుడు కుట్టుపని హాలుగా నడిచి మూతపడ్డ మేడ మీది గది ఆవిడ తోట. ఆ గదిని వెతికిపెట్టింది వదిన, అంటే భర్తకి అక్క. గదితో పాటు ఒక మనిషిని కూడా వెతికిపెట్టింది. పైపులు, మొక్కలకి ఎండ బదులు వేసే ఊదా లైట్లు, మీటర్లు, సీసాలు అమ్మే ఆ మనిషిని అందరూ మొక్కల డాక్టరు అంటారు. ఏ కాలేజీలో చదివాడో ఎవరూ అడగలేదు. అంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి అలాంటివి అడగడానికి మనసొప్పదు మరి.

డాక్టరు మూడు సీసాలు అమ్ముతాడు. మొదటి రెండింటి మీదా ఏమేం కలిపారో, ఎవరు తయారు చేశారో అచ్చేసి ఉంటుంది. మూడోది నున్నటి తెల్ల సీసా. దాని మీద ఒక్క అక్షరం ఉండదు. ఒక్కో వరుసకీ ఒక్కో నీళ్ళ తొట్టి ఉంటుంది, ప్రతి తొట్టిలోనూ రోజూ ఆ సీసా మూతతో ఒక మూతెడు పొయ్యాలి. పోసినన్నాళ్ళూ ఆకు ఏనుగు చెవుల్లా వచ్చింది. అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా, ఇంటికి తెచ్చిన ఆకొకటి వంటగది గట్టు మీద మర్చిపోయింది నీళ్ళక్క. ఎన్నాళ్ళు గడిచినా ఆ ఆకు వాడలేదు. కిటికీ గట్టు మీద పెడితే పిచ్చుకలు వచ్చి, చూసి, ఎగిరిపోయాయి. అది చూశాక ఆవిడ ఎవరికీ చెప్పకుండా నాలుగో వరుస తొట్టిలో మూడో సీసా పోయడం మానేసి, ఏమవుతుందో చూద్దామనుకుంది. మొగుడికి చెప్పలేదు, వదినకి చెప్పలేదు, ఆఖరికి తనలో తాను కూడా పైకి అనుకోలేదు.

ఆ తర్వాత, అదిగో, ఈ పొద్దున ఫోను మోగింది.

"నాలుగో వరుసకి ఆకలేస్తోందమ్మా," అన్నాడు డాక్టరు, ఇంట్లో పసిపిల్ల గురించి చెప్పినంత మెల్లగా. "ఎందుకలా మాడుస్తున్నారు?"

అక్కడ ఆపాం కదా. ఇక కానిద్దాం.

"మీకెవరు చెప్పారు?" అని అడిగింది నీళ్ళక్క.

"మొక్కలు చెప్పకుండా ఉంటాయా? మధ్యాహ్నం నేనే వస్తాను. కంగారు పడకండి, అంతా సరిచేద్దాం." అని ఫోను పెట్టేశాడు.

ఆయనకెలా తెలిసినట్టు? ఈ గదికీ, కింద ఆకు దాచే చల్లగదికీ కలిపి ఉన్నవి రెండే తాళంచెవుల గుత్తులు. ఒకటి తన నడుముకి, రెండోది వదిన దగ్గర. మధ్యాహ్నాలు వచ్చి, మొక్కలు నిలబెట్టే చిల్లుల కప్పులు కడిగిపెట్టి వెళ్ళే వదినని అనుమానించడమంటే తన నీడని తాను అనుమానించడమే. ఆ వదినే లేకపోతే నీళ్ళక్కకి ఇవాళ ఇల్లూ లేదు, మొగుడూ లేడు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే బట్టల కొట్లో పనిచేశారు. నీళ్ళక్క గుడ్డలు పరిచి చూపించేది, వదిన పొట్లాలు కట్టే బల్ల దగ్గర ఉండేది. తల్లి లేని పిల్ల అని డబ్బాలో సగం అన్నం పెట్టి, చివరికి ఏరికోరి తన తమ్ముడికి చేసుకుంది వదిన. కాబట్టి వదిన మీదికి పోబోయిన ఆలోచనని నీళ్ళక్క చెంప మీద ఒకటిచ్చి వెనక్కి లాగేసింది.

అసలు బాధ వేరే ఉంది. నిన్న కోసిన ఆకంతా పెట్టెల్లో సర్ది కింది చల్లగదిలో పెట్టింది. రేపు పొద్దున అది ప్రసూతి ఆసుపత్రి వంటగదికి వెళ్ళాలి. ఇంత పెద్ద బేరం రావడం ఇదే మొదలు. "మీరింట్లో తింటున్నదే మాకు పంపుతారా?" అని ఆ వంటగది పెద్దావిడ అడిగితే, "అదేనండీ" అని తల ఊపి మాటిచ్చింది. ఆ ఆసుపత్రిలోనే పైనున్న వార్డులో నీళ్ళక్క చెల్లెలు ఆడపిల్లని కని, పచ్చి బాలింతగా పడుకుని ఉంది. ఆకు మంచిదైతే చెల్లెలికి బలం. కాకపోతే ఏమవుతుందో ఊహించడానికే ఆవిడకి ధైర్యం చాలలేదు.

నిజం చెప్పాలంటే నీళ్ళక్క ఆ ఆకు నోట పెట్టి ఎరగదు. మేకలా పచ్చి ఆకులు నమలడం తన వల్ల కాదంటుంది. ఇంట్లో తినేది మొగుడు. ఆయనకి మాత్రం ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది, ఏది వడ్డించినా ఉప్పు లేదంటాడు. ఈ పొద్దున కూడా కంచం ముందుకి తోసి, "ఏంటే, ఉప్పు ధర పెరిగిందా?" అన్నాడు. "రెండుసార్లు వేశాను. మీ నాలుక బండి చక్రం కింద పడిందేమో చూసుకోండి," అని కసిరి వచ్చింది. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి, ఎందుకో నవ్వు రాలేదు.

డాక్టరు వచ్చేలోపు మీటరైనా చూసుకుందామనుకుంది. నీళ్ళు ఎంత పులుపుగా ఉన్నాయో చెప్పే మీటరది. ఆరుకి దగ్గర్లో ఉంటే ఆకుకి మంచిది, మరీ కిందికి పోయినా పైకి పోయినా వేరు పాడవుతుందని డాక్టరు నేర్పాడు. మీటరు ఆయనిచ్చిందే. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక బుడ్డి నీళ్ళు కూడా ఆయనే ఇచ్చాడు. రోజూ పొద్దున్నే ఆ బుడ్డిలో ముంచితే ఆరు చూపించాలి. చూపిస్తుంది. తర్వాత తొట్టిలో ముంచితే అక్కడా ఆరే. ఇంకేం కావాలి అనుకుని నిశ్చింతగా పనిలో పడేది. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆవిడకి అనుమానం రాలేదు, మీటరూ ఆయనదే, దానికి సాక్ష్యం చెప్పే బుడ్డీ ఆయనదేనని.

అన్నం డబ్బాతో తెచ్చుకున్న నిమ్మబద్ద గ్లాసులోకి పిండి, మీటరు ముంచింది. ఆరు.

సబ్బు కలిపిన బకెట్లో ముంచింది. ఆరు.

తుడిచి, ఆరబెట్టి, ఏమీ లేని గాలిలోకి ఎత్తి పట్టుకుంది. చిన్న తెర మీద అంకె కాసేపు వెలిగి ఆరి, ఏదో ఆలోచించినట్టు ఆగి, మళ్ళీ వెలిగింది. గాలికి కూడా ఆరేనట.

నీళ్ళక్క మీటరుని బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది. గదిలో పంపులు ఎప్పటిలాగే గురగురమంటున్నాయి. పైపుల్లో నీళ్ళు పారుతున్నాయి. వరుసలన్నీ ఆ ఊదారంగు వెలుతురులో నల్లగా, నిశ్చలంగా నిలబడి ఉన్నాయి. ఆ లైట్ల కింద పచ్చదనం కనిపించదు, ఏ ఆకైనా నల్లగానే ఉంటుంది. మనుషులు కూడా అంతే, పెదాలు నల్లబడి, పళ్ళు నీలంగా మెరుస్తాయి. అలవాటైపోయి ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు గానీ, ఇవాళ తన చేతుల్ని చూసుకుని ఆవిడ కొంగు చాటున దాచుకుంది.

రెండో వరుసలో ఒక కప్పుని పట్టుకుంది. కప్పులు పైకి తీయొద్దని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. "వేళ్ళకి గాలి తగిలితే మొక్క బెంగ పెట్టుకుంటుందమ్మా," అన్నాడు. ఆ మాట ఎంత ముద్దుగా అనిపించిందంటే, ఇంటికెళ్ళి మొగుడికి కూడా చెప్పింది. ఇప్పుడు పంటి బిగువున కప్పు పైకెత్తింది.

అడుగున వేరు లేదు.

కుళ్ళిపోయి రాలిపోవడం కాదు. కుళ్ళితే కంపు కొడుతుంది, జిగురు ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. కాండం కప్పు దాటి రెండంగుళాలు కిందికి వచ్చి, వేలి కొసలా నున్నగా మూసుకుపోయి ఉంది. దేంతో నీళ్ళు తాగుతోందో తెలియదు గానీ పైన ఆకు మాత్రం దిట్టంగా, బరువుగా ఉంది. నీళ్ళక్క దాన్ని గబుక్కున మళ్ళీ పైపులో పెట్టేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. ఎంత తుడుచుకున్నా తృప్తి కలగలేదు.

నాలుగో వరుసలో ఒకటి ఎత్తి చూసింది. తెల్లటి దారాల కుచ్చులా వేళ్ళు, నీళ్ళు కారుతూ, పచ్చి వాసన కొడుతూ వచ్చాయి. ఆ వాసన తగలగానే ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"చెప్పాను కదమ్మా, వేళ్ళకి గాలి తగలకూడదని."

డాక్టరు గుమ్మంలో ఉన్నాడు. మెట్ల మీద చప్పుడే కాలేదు. ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ, మొహాన చిరునవ్వు. ఆ వెలుతురులో నవ్వు మాత్రం నీలంగా ఉంది.

"రండి డాక్టరు గారూ," అంది నీళ్ళక్క. చేతిలో మొక్కని మళ్ళీ పైపులో పెట్టేసింది. "మీకోసమే చూస్తున్నా. ఒకటి అడగాలి. ఈ తెల్ల సీసాలో ఏముందండీ?"

"నమ్మకం ఉందమ్మా."

"అది మీకూ నాకూ మధ్య ఉండేది. సీసాలో ఏముంది?"

"మొక్కకి కావలసింది ఉంది. అన్నీ విడమర్చి చెప్తే మీకు అర్థం కాదని కాదు, అనవసరంగా బుర్ర పాడవుతుందని. ఆకు ఎలా వస్తోంది, చెప్పండి? ఈ చుట్టుపక్కల ఇలాంటి ఆకు ఎవరైనా తీస్తున్నారా?"

"లేదండి. ఇలాంటి ఆకు ఎవరూ తీయట్లేదు," అంది నీళ్ళక్క. "పోనీ ఇది చెప్పండి. ఇది ఎవరు వాడకూడదు?"

డాక్టరు కనురెప్ప వేయలేదు. "అంటే?"

"నేను బట్టల కొట్లో చేశానండీ. మా యజమాని పిసినారే గానీ ఒక మంచి గుణం ఉండేది. 'ఈ రంగు తీసుకోకండమ్మా, రెండు ఉతుకులకి దిగిపోతుంది' అని తనే చెప్పేవాడు. మా కొట్టు మీద జనానికి గురి కుదిరింది అలాగే. మీరు నాకు ఇన్ని అమ్మారు, ఇన్ని సలహాలు ఇచ్చారు. ఇది వద్దు, ఇది నీకు పనికిరాదు అని ఒక్కసారైనా చెప్పారా?"

"మా సరుకు అందరికీ పనికొస్తుందమ్మా."

"మీ మీటరు కూడా అన్నిటికీ పనికొస్తోందండీ. నిమ్మరసానికీ ఆరే, సబ్బునీళ్ళకీ ఆరే."

ఇక్కడ మామూలు వ్యాపారస్తుడైతే నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు గుటకలు మింగాలి, లేదా మీటరు పాడైందని పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తప్పించుకోవాలి. డాక్టరు రెండూ చెయ్యలేదు. మెచ్చుకోలుగా తల ఊపాడు, బాగా చదివే పిల్లని చూసినట్టు.

"వేరేవాటిలో ముంచొద్దన్నాను కదా," అన్నాడు.

"అన్నారు. ఇంకా చాలా అన్నారు. కప్పు ఎత్తొద్దన్నారు. కిటికీకి నల్ల కాగితం అంటించమన్నారు. గదిలో మనిషి ఉండగా లైట్లు ఆర్పొద్దన్నారు. ఒక్కొక్కటీ విన్నప్పుడు మంచిమాటలాగే ఉంది. ఇవాళ అన్నీ కలిపి చూస్తే, మీరు నాకు చెప్పింది ఒకటే మాటండీ, చూడొద్దని."

డాక్టరు సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

నీళ్ళక్క దాచుకున్న ఆఖరి మాట బయటికి తీసింది. "సరే. గొడవెందుకు? రేపు ఈ ఆకు బాలింతలు తింటారు. అందులో నా చెల్లెలుంది. నా కళ్ళముందు మీరొక ఆకు తినండి. మారుమాట్లాడకుండా పెట్టెలు పంపించేస్తాను."

తినడని ఆవిడకి గట్టి నమ్మకం. ఏదో వంక చెప్తాడు, పళ్ళనొప్పి అంటాడు, భోంచేసి వచ్చానంటాడు. అలా అంటే ఏమనాలో కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

"దానికేం భాగ్యమమ్మా," అన్నాడు డాక్టరు.

సంచీ కింద పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. వరుసల మధ్యకి నడిచి, ఒకచోట ఆగి, ముద్దుగా ఉన్న ఆకొకటి తుంపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కరకరమన్న చప్పుడు నీళ్ళక్కకి వినిపించింది. మింగాడు కూడా. నోరు తెరిచి చూపించమన్నా చూపించేలా ఉన్నాడు.

నీళ్ళక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఎంత మాటన్నాను మహానుభావుణ్ణి! అనుమానం నెత్తికెక్కి, ఇంత సాయం చేసిన మనిషిని విషం పెట్టేవాడిలా నిలదీశానే అనుకుంది. వదినకి తెలిస్తే ఎంత బాధపడుతుంది! క్షమాపణ చెప్పుకోవడానికి నోరు తెరిచింది కూడా.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. డాక్టరు ఎక్కడ నిలబడ్డాడో అప్పుడు చూసింది.

నాలుగో వరుస దగ్గర.

గుమ్మానికి అన్నిటికన్నా దగ్గర మొదటి వరుస. అక్కణ్ణుంచి నాలుగో వరుసకి వెళ్ళాలంటే మిగతా మూడింటినీ దాటుకుని, వంగి, పంపు గొట్టాల మీంచి కాలు ఎత్తి వెళ్ళాలి. ఈ వెలుతురులో అన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి. ఏది ఏదో తనే పైపు మీద అంటించిన అంకె చూసి పోల్చుకుంటుంది. ఆయన అంకె వంక చూడలేదు. తిన్నగా వెళ్ళి, మూడో సీసా పోయని ఒక్క వరుసలోంచి ఆకు తుంపుకున్నాడు.

"ఇంకొకటి తినండి," అంది నీళ్ళక్క. "ఈసారి మొదటి వరుసది."

డాక్టరు జేబురుమాలు తీసి పెదాలు ఒత్తుకున్నాడు. "ఒకటి అన్నారమ్మా. తిన్నాను."

నీళ్ళక్క గోడ దగ్గరికి నడిచి, లైట్ల మీట మీద చెయ్యి వేసింది.

"వద్దు," అన్నాడు డాక్టరు. ఆ మనిషి గొంతు పెంచడం ఆవిడ వినడం అదే మొదటిసారి. "అమ్మా, అది మాత్రం వద్దు. చూసినందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు."

"గుడ్డ రంగు కొట్లో లైటు కింద చూడకూడదండీ," అంది నీళ్ళక్క. "గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడాలి. మా కొట్టుకొచ్చే ప్రతి ఇల్లాలికీ తెలుసు. నాకే ఇన్నాళ్ళూ మతి లేకపోయింది."

మీట నొక్కింది. గది చీకటైంది. తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, తను అంటించిన నల్ల కాగితాన్ని పట్టి లాగింది. అది చరచరా ఊడి వచ్చింది గానీ వెలుగు రాలేదు. గాజు పలకలకి ముందే నల్లరంగు వేసి ఉంటుందని, ఆ సంగతి తనే మర్చిపోయిందని అనుకుంది. గోరుతో గీకింది. అది రంగు కాదు. తన కాగితం కింద ఇంకో కాగితం ఉంది, పాతది, దుమ్ముపట్టి గాజుకి కరుచుకుపోయింది. రెండు చేతులా దాన్ని చీల్చేసింది.

మధ్యాహ్నపు వెలుగు భళ్ళున లోపలికి పడింది. ఆవిడ కళ్ళు చిట్లించుకుని వెనక్కి తిరిగింది.

నాలుగో వరుస పచ్చగా ఉంది. లేత పచ్చ, అక్కడక్కడ పసుపు తిరిగిన పచ్చ. ఒక ఆకుకి పురుగు కొట్టిన చిల్లు ఉంది, దాని పక్కనే వేలి గోరంత పచ్చపురుగు తీరిగ్గా తింటోంది. పురుగుని చూసి సంతోషించిన రైతు ప్రపంచంలో ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది.

మిగతా వరుసలు పచ్చగా లేవు. తోమకుండా వదిలేసిన రాగి చెంబు మీద చిలుము పట్టినట్టు, నీలానికీ బూడిదకీ మధ్య ఒక రంగు. ఆ రంగులో ఆకులన్నీ ఒకే సైజులో, ఒకే మడతతో, మచ్చ లేకుండా ఉన్నాయి. నాలుగో వరుసకి జానెడు దూరంలో ఉన్నా, పురుగు ఇటువైపు రాలేదు. కిటికీ సందులోంచి గాలి వచ్చింది. నాలుగో వరుస ఆకులు అల్లాడాయి. మిగతావి కదల్లేదు.

నీళ్ళక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ రంగు ఆకునే ఇన్నాళ్ళూ తన చేత్తో కోసి, కడిగి, మొగుడి కంచంలో పెట్టింది. ఉప్పు లేదు, ఉప్పు లేదు అని ఆయన గోల పెడుతుంటే వెక్కిరించింది.

డాక్టరు అప్పటికే సంచీ భుజానికి తగిలించుకున్నాడు. పగటి వెలుగులో ఆయన మామూలు మనిషిలాగే ఉన్నాడు, కొంచెం ముసలితనం కూడా కనిపిస్తోంది. భయపెట్టేది ఏదీ లేదు ఆ మొహంలో. ఆయన చూపులో ఉన్నది జాలి. అది చూస్తేనే ఆవిడకి ఎక్కువ భయం వేసింది.

"ఒక్క పెట్టె కూడా పంపను," అంది నీళ్ళక్క. "మాటపోతే పోనీ. అన్నీ తీసి పారబోస్తాను. మీ సీసాలు పట్టుకుపోండి."

"మీ ఇష్టమమ్మా. అందరూ మొదట అలాగే అంటారు." గుమ్మం దాటుతూ ఆగి, చిరిగి వేలాడుతున్న పాత కాగితం వంక చూశాడు. "ఇదివరకు ఈ గదిలో పెంచినావిడ కూడా కిటికీ తీసింది. తర్వాత తనే మళ్ళీ అంటించుకుంది."

వెళ్ళిపోయాడు. ఈసారీ మెట్ల మీద చప్పుడు లేదు.

ఈ గది కుట్టుపని వాళ్ళు ఖాళీ చేశాక ఎప్పుడూ మూసే ఉందని కదా వదిన చెప్పింది! ఇదివరకు పెంచినావిడ ఎక్కణ్ణుంచి వచ్చింది? నీళ్ళక్క కిటికీ దగ్గరికి వెళ్ళి పాత కాగితాన్ని పట్టుకు చూసింది. మధ్యలో చిరిగినా, మూల మాత్రం ఊడకుండా అలాగే ఉంది. చివర లోపలికి మడిచి, మళ్ళీ మడిచి, కొసని జేబులోకి దోపినట్టు దోపి ఉంది. జిగురు అంటించకపోయినా ఊడని మడత.

ఆ మడత ఆవిడకి తెలుసు. బట్టల కొట్లో రోజూ చూసింది. దారం కట్టకుండా, పిన్ను గుచ్చకుండా పొట్లం నిలబెట్టే పనితనం ఆ కొట్లో ఒక్కరికే ఉండేది. నేర్పమని ఎంతమంది బతిమాలినా వదిన నవ్వేసేది గానీ కిటుకు చెప్పేది కాదు.

అంటే ఇదివరకు ఇక్కడ పెంచినావిడ వదినేనా? వదిన అన్నంలో కారప్పొడి గుప్పిళ్ళతో కలుపుకోవడం గుర్తొచ్చింది. పచ్చిమిరపకాయల్ని బిస్కెట్లు తిన్నట్టు తింటుందని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు. "ఎప్పుడో జ్వరం వచ్చి నోరు చచ్చిపోయిందే అమ్మాయ్, ఏం తిన్నా గడ్డే," అనేది వదిన, తనూ నవ్వుతూ.

ముందు పెట్టెలు. ఆలోచనలు తర్వాత. ఆవిడ మెట్లు దిగి పరుగెత్తింది. చల్లగది తాళం వేసింది వేసినట్టే ఉంది. గబగబా తీసింది. చల్లటి గాలి మొహాన కొట్టింది. లోపల అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క పెట్టె లేదు. తాళం పగలగొట్టలేదు, తలుపు గీసుకుపోలేదు. తాళంచెవి ఉన్న మనిషే వచ్చి, తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా తాళం వేసి వెళ్ళింది.

అక్కడే, తలుపు దగ్గరే నిలబడి చెల్లెలికి ఫోను చేసింది.

"అక్కా! ఇప్పుడే అనుకుంటున్నా," అంది చెల్లెలు. గొంతు నీరసంగా ఉన్నా సంతోషంగా ఉంది. వెనకాల పసిపిల్ల ఏడుపు వినిపించింది. "నీ ఆకు వచ్చేసింది. రాత్రి భోజనంలో వార్డు మొత్తానికీ పెడతారట. మీ వదిన దగ్గరుండి పెట్టెలు దింపించింది."

"నువ్వు తినకు," అంది నీళ్ళక్క. "వింటున్నావా? అది నోట పెట్టకు. వంటగది వాళ్ళకి ఫోనివ్వు, నేను చెప్తాను."

"అదేంటక్కా? రోజూ తింటూనే ఉన్నాగా. పాప పుట్టిన మర్నాటి నుంచీ మీ వదిన తెచ్చి పెడుతూనే ఉంది, నువ్వే పంపావని. నువ్వు పంపలేదా?" చెల్లెలు మళ్ళీ తనే అందుకుంది. "ఆకు బాగానే ఉంది గానీ, ఈ ఆసుపత్రి వంటే బాగోలేదు. దేంట్లోనూ ఉప్పుండట్లేదే. పక్క మంచం ఆవిణ్ణి అడిగితే సరిపోయిందంటుంది. నాకే ఇలా ఉందా?"

"వంటగది వాళ్ళకి ఫోనివ్వమన్నానా?" అంది నీళ్ళక్క.

"ఉండు, మీ వదిన ఇక్కడే ఉంది. పాపని ఎత్తుకుంది. నీతో మాట్లాడుతుందట."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఏడుస్తున్న పాప చప్పున ఆగిపోయింది. ఆ తర్వాత వదిన గొంతు వినిపించింది, డబ్బాలో సగం అన్నం పెట్టిన రోజుల్లో ఎంత ఆప్యాయంగా ఉండేదో అంత ఆప్యాయంగా.

"కిటికీ తీశావా, అమ్మాయ్?"